నడిమి అర్ర పైకప్పు

మేముండే అపార్ట్‌మెంటు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగి కొంచెం లోపలికి పోతే వస్తుంది. మొన్న ఎండలు ముదిరిన ఒక పొద్దున, పై అంతస్తు వాళ్ళ గోడ చెమ్మగిల్లుతోందని, దాబా మీద ఏదో మందు పూయడానికి ఒక మనిషిని పిలిపించారు. అతను ఒక్కడే వచ్చాడు. తెల్లటి డబ్బా మూత తీసి, అందులోని చిక్కటి మందును నీళ్ళలో కలిపి, రోలరుతో ఈ చివర నుంచి ఆ చివరకు పూసుకుంటూ పోయాడు. పగులు ఎక్కడుందని అడిగాను. "ఎక్కడుంటే ఏంది మేడం, మొత్తం కొడ్తున్నం కదా" అన్నాడు. నిజమే, మొత్తం పూసేటప్పుడు వెతకాల్సిన పని లేదు. ఆ మందు వాసన మెట్ల మీదుగా మా ఇంట్లోకి కూడా వచ్చింది. వానలకు ముందు దాబా మీద నుంచి దిగివచ్చే వాసనలంటే నాకు తెలిసినవి వేరు. తడి సున్నం, నీళ్ళలో కరిగిన నల్లబెల్లం, నానిన కరక్కాయల వగరు, వాటన్నిటి వెనకాల బర్రెల కొట్టం. కిటికీలు మూసుకొని కూర్చున్నాక, ఆ రోజంతా నేను ఇక్కడ లేను.

గౌలిపురలో మాది పాలవాళ్ళ ఇల్లు. గల్లీలోంచి చూస్తే ఒక చిన్న తలుపు మాత్రమే కనిపించేది. లోపలికి వస్తే ముందు కొట్టం, ఆ తరువాత బండలు పరిచిన వాకిలి, వాకిలి వెనక వరుసగా అర్రలు. గదిని మేము అర్ర అనేవాళ్ళం. కుడివైపు అర్రల్లో మేము, అంటే మా బాపు, అమ్మ, నేను ఉండేవాళ్ళం. ఎడమవైపు బాపు తమ్ముడు, మా చిన్నాయన కాపురం. రెండింటికీ నడుమనున్న అర్ర నాయనమ్మది. వంటలు వేరైనా, బర్రెలు, కొట్టం, పాల వ్యాపారం కలిసే ఉండేవి. పైకప్పు కూడా ఒక్కటే. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా సన్నటి వాసాలు, వాసాల మీద ఇటుకలు, ఇటుకల మీద జానెడు మందాన సున్నపు గచ్చు. మా తాత కట్టించిన ఆ గచ్చు ఈ కొస నుంచి ఆ కొస దాకా అతుకు లేకుండా ఉండేది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు కింద అర్రలు పంచుకున్నారు గానీ, దాబాను ఎట్లా పంచాలో ఎవరికీ తోచలేదు.

ఎండాకాలం మా బతుకంతా ఆ దాబా మీదనే. పొద్దున మామిడి ఒరుగులు, సగ్గుబియ్యం వడియాలు, చల్లలో నానిన మిరపకాయలు మేమెక్కకముందే స్థలమంతా ఆక్రమించేవి. వాటి కాపలాకు కూర్చున్న పిల్లలం పిట్టగోడ నీడలో గచ్చకాయలాడుతూ, సగం ఎండిన వడియాలను గోటితో ఊడదీసుకొని తినేవాళ్ళం. పొద్దుగూకే వేళ నీళ్ళు చల్లితే గచ్చు సుయ్యిమని పీల్చుకునేది, ఆ ఆవిరికి అరికాళ్ళు చెమర్చేవి. అఫ్జల్‌గంజ్ హోటళ్ళకు పాలు పోసి, ఖాళీ క్యాన్లు మోగించుకుంటూ చిన్నాయన సైకిల్ గల్లీ మలుపు తిరిగే చప్పుడు పైకే వినిపించేది. చాపలు పరిచాక, చల్లటి నీళ్ళ మట్టి సురాయి ఎవరి తల దగ్గరుండాలన్న విషయం మీద రోజూ ఒక లొల్లి. నాయనమ్మ మాత్రం పైకి వచ్చేది కాదు. ఎంత ఉక్కపోసినా తన అర్రలో, తన నులకమంచం మీదనే పడుకునేది. విసనకర్ర అంచు గోడకు తగిలే చప్పుడును బట్టి ఆమె నిద్రపోయిందో లేదో చెప్పగలిగేవాళ్ళం.

మృగశిర కార్తెను మా ఇంట్లో మిరుగం అనేవారు. మిరుగానికి ముందు నాయనమ్మ ఒక్క సాయంత్రం పైకి వచ్చేది. ఆ రోజు దాబా అంతా ఊడ్పించి, బిందెలతో నీళ్ళు కుమ్మరించి, చీపుర్లతో నెట్టించి, అందరినీ పిట్టగోడ పక్కకు జరగమనేది. వేడికి గచ్చు చూస్తుండగానే ఆరేది. ముందు అంచులు తెల్లబడేవి, తరువాత నడిమి భాగం. అంతా ఆరిపోయాక, పగులున్న చోట తాగిన నీళ్ళు మాత్రం సన్నటి నల్ల గీతల్లా మిగిలేవి. రోజంతా అక్కడే ఆడుకున్నా మా కంటికి ఆనని గీతలవి. అవి కూడా ఆరిపోయేలోగా వాటి పక్కన బొగ్గుతో గుర్తులు పెట్టాలి. "ఏ, గా మూలకు చూడు, తొండ తోకలెక్క ఉన్నది" అని నాయనమ్మ కూర్చున్నచోటు నుంచే చూపిస్తుంటే మేము బొగ్గు ముక్కలతో పరుగెత్తేవాళ్ళం.

కానీ గీత కనపడిన ప్రతి పగులూ కిందికి కారదు. కొన్ని పైపైవే. ఏది కారుతుందో తెలియాలంటే మడి కట్టాలి. మట్టి, పేడ కలిపి పగులు చుట్టూ బెత్తెడెత్తు గట్టు పెట్టి, అందులో నీళ్ళు నింపాలి. కింద అర్రలో ఒకరు వెల్లకిలా పడుకొని ఇటుకల సందులు చూస్తుండాలి. చుక్క కనపడగానే కేక వేయాలి. తలుపు తెరిచి ఉంచితే ఆ కేక వాకిట్లోంచి పైకి వినిపించేది. పైనున్న మనిషి వెంటనే గట్టు తెంపి, ఆ పగులుకు గుర్తు పెట్టాలి. చుక్క పడకపోతే ఇంకో పగులు, ఇంకో మడి. ఇద్దరుంటేనే సాగే పని అది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పైన బాపు, కింద చిన్నాయన.

"పడ్డదా?"

"పడలే."

"కండ్లు తెరిసే ఉన్నయా, గుర్కపెడుతున్నవా?"

"నీళ్ళు పోస్తున్నవా, ఉమ్ముతున్నవా అన్నా? మడిల ఏమన్న ఉంటె కదా పడేది!"

ఆ పొద్దంతా ఇల్లు వాళ్ళ కేకలతోనే నిండి ఉండేది. బర్రెలు కూడా అటువైపు చెవులు తిప్పుకొని నెమరేసేవి.

నేను చెప్పబోయే ఏడు మాత్రం ఆ కేకలు లేవు. దానికి ముందు దీపావళి నుంచే అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

కారణం ఒక దున్నపోతు. పేరు మల్లిగాడు. పుట్టిన వారంలోనే తల్లి చనిపోతే, చిన్నాయన పాలలో వేలు ముంచి నాకించి బతికించాడు. పెరిగి పెద్దదై, కొట్టం గుమ్మంలో అడ్డంగా నిలబడితే వాకిట్లోకి వెలుతురు వచ్చేది కాదు. దీపావళి వెళ్ళాక సదర్ పండుగకు పాలవాళ్ళందరూ దున్నలను అలంకరించి ఊరేగిస్తారు. చిన్నాయన దానికి నూనె పట్టించి, మెడకు గవ్వల పట్టెడ కట్టి, కొమ్ములకు నెమలి ఈకలు కట్టి నడిపిస్తుంటే గల్లీ అంతా బయటికి వచ్చి చూసేది. ఆ ఏడు పండుగ ఇంకా ఉందనగా, చిన్నాయన అత్తగారింట్లో పెళ్ళికి వెళ్ళిన రోజు చూసి, బాపు ఆ దున్నను ఎవరికో అమ్మేశాడు. చిన్నాయన తిరిగొచ్చి ఖాళీ గుంజ ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, తాడును చుట్టచుట్టి తన అర్రలోకి తీసుకుపోయాడు. ఎందుకమ్మావని అతను అడగలేదు. ఇందుకని బాపూ చెప్పలేదు.

కానీ కలిసి ఉన్న కొట్టంలో మాట్లాడుకోకుండా పని నడవదు. అందుకు వాళ్ళిద్దరూ ఒక ఉపాయం కనిపెట్టారు. ఇద్దరి మధ్యా లచ్చి అనే ముసలి బర్రె ఉండేది. దానితో మాట్లాడేవారు.

"లచ్చీ, రేపు హోటలుకు ఒక క్యాను ఎక్కువ కావాలెనంట, పెద్దమనుషులకు తెల్సునో లేదో" అని చిన్నాయన దాని వీపు తోముతూ అనేవాడు.

"తెల్సు లచ్చీ. తెల్సుకోక కొట్టం నడిపిస్తున్నమా?" అని బాపు అవతల పాలు పిండుతూ అనేవాడు.

"గడ్డి తడిసింది లచ్చీ. ఎవరో కప్పలే."

"ఎవరు కప్పలేదో వాళ్ళ అవ్వనడుగు లచ్చీ."

"మీ లొల్లిల నన్ను గుంజకుండ్రి" అని, వాళ్ళు అవ్వ అని పిలిచే నాయనమ్మ తన గడప మీద నుంచి అరిచేది. అమ్మా, చిన్నమ్మా కొంగు నోట్లో పెట్టుకొని నవ్వుకునేవారు. కొన్నాళ్ళకు ఆ నవ్వూ అయిపోయింది. బతుకమ్మకు ఒక పొయ్యి మీద కలిపి వండిన ఇల్లు, సంక్రాంతి సకినాలను రెండు వేరు వేరు బేసిన్లలో చేసింది. ఏ బేసిన్‌లోవి ముందు తిన్నామో కనపడకుండా, పిల్లలం రెండింట్లోంచీ ఒక్కొక్కటి తీసుకొని రెండు చేతులతో పట్టుకొని తినడం నేర్చుకున్నాం.

ఎండలు మొదలైనప్పుడు నాయనమ్మ అర్రలో, సరిగ్గా మంచానికి పైన, ఇటుకల మీద చెమ్మ మరక కనపడింది. పోయిన వానలదే ఆరలేదనుకున్నారు. మా ఇంటికి ఎప్పుడూ వచ్చే ఖాజా మేస్త్రీ నిచ్చెన ఎక్కి, దూలం కొనను ఉలితో పొడిచి చూశాడు. ఉలి మొన పచ్చి సొరకాయలోకి దిగినట్టు దిగింది. ఆయన నిచ్చెన దిగి ఉలి మొన తుడుచుకున్నాడు.

"అమ్మా, లక్డీ నానుతున్నది. ఇంకొక్క వానాకాలం నీళ్ళు తాగితే ఈ దూలం మంచం మీదనే పడ్తది. పగులు ఏడున్నదో పట్టుకోవాలె, లేకుంటె నువ్వు ఈ అర్ర ఖాళీ చెయ్యాలె."

ఆ సాయంత్రమే లచ్చికి పని పడింది.

"లచ్చీ, అవ్వను మా దిక్కు పండుమను. మంచం ఏస్త" అన్నాడు బాపు.

"లచ్చీ, మా దిక్కు గాలి మంచిగొస్తది. అవ్వకు చెప్పు" అన్నాడు చిన్నాయన.

"నేను బర్రె మాటలు వినను" అంది నాయనమ్మ. అని లోపలికి పోయి, అదే మంచం మీద, అదే మరక కింద పడుకుంది. తరువాత అమ్మ కాళ్ళు పిసుకుతూ బతిమాలితే ఆమె చెప్పిన మాట నేను విన్నాను. "ఒకని దిక్కు పంటె, ఇంకొకనికి అవ్వ లేనట్టే కదనే. గిదొక్క అర్రనే ఇద్దరిది. పడితె పడనీ."

అమ్మ ఆ మాట బాపుకు చెప్పింది, చిన్నమ్మ చిన్నాయనకు చెప్పింది. ఇద్దరూ విన్నారు. అయినా మాట కలవలేదు. మడి మాత్రం కడదామనుకున్నారు.

ఆ ఏటి మడి కట్టడం ఎట్లా జరిగిందంటే, కింద చిన్నాయన మంచం మీద పడుకున్నాడు, పైన బాపు నీళ్ళు పోస్తున్నాడు, నడుమ నేను. చుక్క పడితే చిన్నాయన నాకు చెప్పాలి, నేను పోయి బాపుకు చెప్పాలి. మెట్లు కొట్టం వెనకాల ఉండేవి. అర్ర దాటి, వాకిలి దాటి, బర్రెల మధ్య నుంచి కొట్టం దాటి, మెట్లెక్కి పైకి చేరాలి. బొగ్గు గుర్తుల వరుసలో బాపు ఒక పగులు తరువాత ఒక పగులుకు మడి కట్టుకుంటూ పోతున్నాడు. చిన్నాయన "పడ్డదని చెప్పు పో" అన్నాడు. నేను పరుగెత్తుతుంటే లచ్చి తోక మొహాన కొట్టింది. పైకి చేరేసరికి బాపు ఆ మడి చూసి చూసి, ఏమీ లేదనుకొని తెంపేసి, పక్క పగులుకు నీళ్ళు నింపి కూర్చున్నాడు. "పడ్డదంట" అన్నాను. ఆయన ఎదురుగా ఉన్న మడిని చూశాడు. దానికే గుర్తు పెట్టాడు.

ఖాజా మేస్త్రీ ఆ పగులును తవ్వి, కడిగి, మంచి సున్నం కూరి, రాయితో రుద్ది నున్నగా చేసి పోయాడు. రెండు ఇళ్ళూ నిశ్చింతగా ఉన్నాయి. మిరుగం ఇంకా రాకముందే, ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం లేచి వాన కొట్టింది. నాయనమ్మ దిండు మీద చుక్క పడింది. ఆమె ఎవరినీ పిలవలేదు. దిండు తీసి ఆ చోట ఇత్తడి చెంబు పెట్టి, మంచం కాళ్ళ దిక్కు ముడుచుకొని కూర్చుంది. చెంబులో చుక్కల చప్పుడు విని కుడివైపు తలుపులోంచి బాపు, ఎడమవైపు తలుపులోంచి చిన్నాయన వచ్చారు. ఇద్దరూ పైకి చూశారు. తరువాత ఇద్దరూ తల్లిని చూశారు. ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకొని చిన్నపిల్లలా ఉంది.

మరునాడు ఖాజా మేస్త్రీ వచ్చి, జరిగింది నాతో చెప్పించుకొని, బాపు మీద విరుచుకుపడ్డాడు.

"అరె భాయ్, పానీ ఆగుతదా, పోరి కొట్టం దాటి వచ్చేదాంక? మంచి పగులుకు పట్టీ కట్టించిన్రు నాతోని! నీచే ఒకడు, ఊపర్ ఒకడు. ఇద్దరె. నడుమ ఎవరొద్దు."

చిన్నాయన కొట్టంలోంచి, "లచ్చీ, మేస్త్రీతోని..." అని మొదలుపెట్టాడు.

"లచ్చిని దాబా మీదికి ఎక్కియ్యమంటవా?" అంది నాయనమ్మ. "ఎక్కియ్యుండ్రి. అది ఎక్కితె దూలం ఇయ్యాల్నే పడ్తది, ఫికర్ ఉండదు."

ఆ రోజు ఎవరూ నన్ను పరుగెత్తమనలేదు. బాపు పైకెక్కి మళ్ళీ మొదటి గుర్తు నుంచి మడి కట్టాడు. చిన్నాయన మంచం మీద పడుకున్నాడు. నాయనమ్మ, నేను గోడకు ఆనుకొని కూర్చున్నాం. పైన నీళ్ళు పడుతున్న చప్పుడు, చెంబు గచ్చుకు తగిలిన చప్పుడు. ఒక మడి అయింది, ఏమీ లేదు. రెండో మడి. ఇటుకల సందులో ఒక చుక్క ఊరి, బరువెక్కి, చిన్నాయన ఛాతీ మీద పడింది. చిన్నాయన దాన్ని చూశాడు. నోరు తెరవలేదు. ఇంకో చుక్క ఊరుతుండగా నాయనమ్మ అతని మొహం వైపే చూస్తోంది. అది పడింది.

"ఓయ్" అన్నాడు చిన్నాయన.

పైన చప్పుడు ఆగింది. మళ్ళీ నీళ్ళు పోసిన చప్పుడు.

"ఓయ్! ఆపు!"

"ఎవర్ని అంటున్నవ్?" అని బాపు గొంతు వాకిట్లోంచి వచ్చింది. అన్ని నెలల తరువాత, బర్రె నడుమ లేకుండా బాపు నోట వచ్చిన మొదటి మాట అది.

"నిన్నే."

"నాకొక వరుస లేదా?"

"ఇప్పుడు వరుసలు అడుగుతున్నవా? ఈడ కారుతున్నది!"

"ఎవరు చెప్తున్నరో తెల్వంది నేనెట్ల ఆపాలె?" అని ఇంకో చెంబు పోశాడు. ఈసారి సన్నటి ధారే దిగింది. మంచం, చిన్నాయన చొక్కా, నాయనమ్మ దుప్పటి అన్నీ తడిశాయి.

"అన్నా, ఆపే! అవ్వ దుప్పటి తడుస్తున్నది!"

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ దుప్పటి వైపు చూడను కూడా లేదు.

ఖాజా మేస్త్రీ పైన గచ్చును ఉలితో తవ్వుకుంటూ పోతే, నానిన ఇటుకలు రెండు ఊడి కింద పడ్డాయి. పిడికిలి పట్టేంత రంధ్రం ఏర్పడింది. ఎప్పుడూ చీకటిగా ఉండే ఆ అర్రలో ఒక ఎండ ముక్క మంచం మీద పడింది. కొత్త ఇటుకలు పెట్టి సున్నం కూరేటప్పుడు అది కిందికి జారకుండా ఒకరు కింద నుంచి చెక్క ఆనించి పట్టుకోవాలి. చిన్నాయన స్టూలు ఎక్కి చెక్క పట్టుకున్నాడు. దాన్ని ఆనించే ముందు, రంధ్రంలోంచి పైకి చూశాడు. పైన బాపు వంగి చూస్తున్నట్టున్నాడు, ఎండ ముక్క మాయమైంది.

మొహాలు సరిగా కనపడకపోవడం వల్లనో, మరెందుకో, చిన్నాయన చెక్క దించి అడిగేశాడు.

"మల్లిగాన్ని ఎందుకు అమ్మినవ్?"

పైనుంచి బాపు జవాబిచ్చాడు. గొంతు నెమ్మదిగా ఉంది.

"నువ్వు నల్లా కాడ స్నానం చేస్తుంటె చూసిన. నీ పక్కబొక్కల మీద నల్లగ కమిలి ఉండె. అది పొడిచింది కదరా నిన్ను."

చిన్నాయన చేయి తనకు తెలియకుండానే పక్కటెముకల మీదికి పోయింది.

"ఆటలాడుతుంటె తాకింది. గంతే."

"గంతే అయితె ఎందుకు దాసినవ్? నీ పెండ్లానికి గూడ చెప్పలే."

"నాకు చెప్పి అమ్మితె ఏమాయె?"

"చెప్తె నువ్వు అమ్మనిస్తవా? దాని ముందట నువ్వు అడ్డం నిలబడ్తవు. నిన్ను చూసినంక నాకు గుంజ కాడికెల్లి దాన్ని ఇప్పేతందుకు చెయ్యి వస్తదా?"

పశ్చిమాన మబ్బు పట్టింది. ఖాజా మేస్త్రీ తాపీలో సున్నం పట్టుకొని, "అమ్మా, వాన వచ్చేటట్టున్నది. పూడ్చేస్త" అని కేకేశాడు.

"ఆగు ఖాజా" అంది నాయనమ్మ.

"సున్నం ఆరుతదమ్మా."

"ఆరనీ. మళ్ళ కలుపుదువు. వాళ్ళ మాటలు ఇంక కాలే."

మబ్బు చూసి భయపడాల్సింది ఆమె. రంధ్రం ఆమె మంచం మీద ఉంది. ఆమె మాత్రం గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకుంది.

"యాడున్నదది ఇప్పుడు?" అని చిన్నాయన అడిగాడు.

"మేడ్చల్ దిక్కు ఒక రైతు కాడ. మంచిగనే ఉన్నది. నేను పోయి చూసొచ్చిన."

"నువ్వు పోయి చూసినవా? ఎప్పుడు?"

"సంక్రాంతికి ముందల. ఇంకోపాలి శివరాత్రికి."

"మరి నన్నెందుకు తీస్కపోలే?"

"నువ్వు మాట్లాడ్తలేవు కదరా!"

స్టూలు మీద నిలబడే చిన్నాయన ఏడ్చాడు. లేదా నవ్వాడు. తల పైకెత్తి ఉండటం వల్ల నాకు సరిగా తెలియలేదు. కళ్ళు తుడుచుకుంటే సున్నపు పొడి కంట్లో పడి, "అబ్బా, మండుతున్నది అన్నా" అన్నాడు. "నీళ్ళు పొయ్యనా?" అన్నాడు బాపు. అప్పుడు మాత్రం నవ్వే.

"ఇగ పూడ్చు ఖాజా" అంది నాయనమ్మ.

వాన ఆ రోజు నాలుగు చినుకులు రాల్చి దాటిపోయింది. ఎందుకైనా మంచిదని అన్నదమ్ములిద్దరూ పచ్చి సున్నం మీద తాడిపత్రి పట్టా పరిచి, గాలికి లేవకుండా చెరో కొసన కూర్చున్నారు. మరునాడు అమ్మా, చిన్నమ్మా ఎదురెదురుగా కూర్చొని, చెక్క పలకలతో ఆ అతుకును గట్టిపడేదాకా కొట్టారు. మధ్యమధ్య బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చిలకరించాలి. బెల్లం గిన్నె చూసుకునే పని నాది కాబట్టి, గచ్చులోకి పోవాల్సిన బెల్లంలో కొంత నా కడుపులోకి పోయింది. మిరుగం నాడు చేపలు తినాలి. ఆ ఏడు కొరమీను పులుసు ఒకే పొయ్యి మీద ఉడికింది. ముళ్ళు ఏరి నాయనమ్మ పళ్ళెంలో ఎవరు వేయాలన్న దాని మీద మళ్ళీ కొట్లాడుకున్నారు. ఈసారి లచ్చి సాయం అవసరం పడలేదు.

ఆ అతుకు తరువాత నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ చుక్క కార్చలేదు. అయినా ప్రతి మిరుగానికి ముందు బాపు పైకి, చిన్నాయన మంచం మీదికి. "మంచిగున్న దాబాకు దవా ఎందుకు భాయ్?" అని ఖాజా మేస్త్రీ వేళాకోళం చేసేవాడు. పగులు ఉన్నా లేకున్నా ఒక పొద్దంతా పట్టేది. పిల్లల చదువులు, బర్రెల ఈతలు, ఎవరికి ఏ ఊరి సంబంధం చూడాలన్న విషయాలు, ఎదురుగా కూర్చుంటే పొడిపొడిగా తేలిపోయేవన్నీ, ఆ రోజు పైకీ కిందికీ కేకలుగా నడిచేవి. నా పెళ్ళి సంగతి కూడా ఒక మడి ఎండేలోపే తేలిందని అమ్మ చెప్పేది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పట్నంలో జాగా చాలక బర్రెలు ఎప్పుడో ఊరి బయటికి పోయాయి. సున్నం గానుగ పట్టే చోటు గౌలిపురలో అడిగితే ఎవరూ చెప్పలేరు. కరక్కాయ అడిగితే దగ్గుకా అంటారు. నాయనమ్మ, ఖాజా మేస్త్రీ, అమ్మ, ఆ తరువాత బాపు, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మొన్నటి చలికాలం చిన్నాయన కూడా పోయాడు. అతని కొడుకులు ఇల్లు విప్పి స్లాబు వేయిస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఆ దూలాల కింద పిల్లలను పడుకోబెట్టమని నేనూ చెప్పలేను. పోయిన వారం వెళ్తే పిల్లర్లు లేచాయి. కుడివైపేదో, ఎడమవైపేదో, నడిమి అర్ర ఏ రెండు పిల్లర్ల మధ్య వస్తుందో చెప్పలేకపోయాను.

నేను ఆ దాబా చివరిసారి ఎక్కింది పోయిన ఏడు. నడిమి అర్రలో అప్పుడు చిన్నాయనే పడుకునేవాడు. బాపు పోయాక ఎవరూ మడి కట్టలేదు. చుక్క పడుతోందని, జర వచ్చి చూడమని చిన్నాయన ఫోన్ చేయించాడు. అతనికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేడు. వెళ్ళి దాబా తడిపి, ఆరాక మిగిలిన గీతను పట్టుకొని, పేడ దొరకక పూలకుండీలోని మట్టి తడిపి గట్టు పెట్టి నీళ్ళు పోశాను. కాసేపటికే కింద నుంచి "పడ్డది బిడ్డా" అని సన్నగా వినిపించింది. గట్టు తెంపి, గుర్తు పెట్టి, చేతులు కడుక్కొని కిందికి వచ్చాను. చిన్నాయన ఇంకా వెల్లకిలా పడుకొని ఇటుకల వైపే చూస్తున్నాడు.

"అయిందా?"

"అయింది చిన్నాయనా."

"గింత జల్దిన అయితదా గీ పని?" అన్నాడు.

ఇంకా ఒకటి రెండు చోట్ల అనుమానంగా ఉందని చెప్పి, బకెట్ తీసుకొని మళ్ళీ పైకి వెళ్ళి, పగులే లేకుండా గచ్చు గట్టిగా ఉన్న ఒక మంచి చోటు చూసుకొని కొత్త మడి కట్టడం మొదలుపెట్టాను.